కేంద్రకాన్ని కొలిచే కొలువు

ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో కేంద్రకాల పాఠం రాగానే కోచింగ్ సెంటర్లు పిల్లలకు ముందుగా నూరిపోసేది ఒకటుంది. ద్రవ్యరాశి సంఖ్యలు 27, 125 కనబడితే వ్యాసార్థాల నిష్పత్తి 3:5. ఘనమూలం తీయాలి, ఆప్షన్ పెట్టాలి, తర్వాతి ప్రశ్నకు పోవాలి. ఈఏపీసెట్‌కి అంతవరకూ చాలు. అయితే ఆ సూత్రంలో ఘనమూలాన్ని గుణించే 1.2 ఫెర్మీలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరు దేంతో కొలిచారు అని అడగాలనిపించేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు ఉంటారు. ఈ వ్యాసం వాళ్లకే.

ఫెర్మీ అంటే మీటరులో వెయ్యి లక్షల కోట్లవ వంతు. అంత చిన్నదాన్ని ఏ మైక్రోస్కోపూ చూపించలేదు. దానిమీదికి ఏదైనా కణాన్ని పంపి, అది ఎటు చెదిరిందో చూసి లెక్క కట్టాలి. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు వదిలారు. ఆ ఫలితాలను పట్టుకుని 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందని తేల్చాడు. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ ఎలక్ట్రాన్లతో కేంద్రకాల సైజును శ్రద్ధగా కొలిచి, 1961లో నోబెల్ అందుకున్నాడు. మీ పాఠ్యపుస్తకం దాదాపు ఇక్కడితో ఆగిపోతుంది.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. 1985లో బర్క్‌లీలో ఇసావో తనిహాతా బృందం లిథియం-11 సైజును కొలిస్తే, అది మన ఘనమూలం లెక్కకు లొంగలేదు. చివరి రెండు న్యూట్రాన్లు మిగతావాటికి బాగా ఎడంగా తిరుగుతున్నాయని తేలింది. ప్రోటాన్ విషయం ఇంకా తమాషా. దాని వ్యాసార్థం 0.877 ఫెర్మీలని అందరూ ఒప్పుకున్న రోజుల్లో, స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో కొందరు హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ బదులు మ్యూయాన్‌ను పెట్టి చూశారు. మ్యూయాన్ ఎలక్ట్రాన్ కంటే 207 రెట్లు బరువు. అందుకే ప్రోటాన్‌కు సుమారు రెండు వందల రెట్లు దగ్గరగా తిరుగుతుంది, ప్రోటాన్ సైజు ప్రభావం దానిమీద బాగా పడుతుంది. పాత విలువ ప్రకారం సిగ్నల్ ఎక్కడ రావాలో అక్కడ లేజర్‌తో వెతికితే ఏమీ కనబడలేదు. 2009లో ఇంకా అవతలికి జరిగి వెతికితే దొరికింది. 2010లో ప్రకటించిన విలువ 0.842. తేడా నాలుగు శాతమే, కానీ పాత విలువలో పొరపాటుకు వదిలిన చోటు ఒక్క శాతం కూడా లేదు. తొమ్మిదేళ్లు వాదులాడుకున్నాక, 2019లో అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ ఎలక్ట్రాన్లతో కొలిచి 0.831 అంది. మొగ్గు చిన్న విలువ వైపే.

ఈ రంగంలో మనిషికి విలువ కట్టేది, ప్లస్ ఆర్ మైనస్ తర్వాత అతను రాసే అంకెను, అంటే పొరపాటుకు నిజాయితీగా వదిలే చోటును బట్టి. మన డిగ్రీ, పీజీ ల్యాబుల్లో సరిగ్గా ఈ నిజాయితీనే చంపేస్తున్నాం. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని రీడింగులు ‘వేసే’ అలవాటు తెలియనిదెవరికి? సీజియం-137 గామా పీక్ 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రావాలని ముందే తెలుసు కాబట్టి అక్కడే తెస్తారు. నిజానికి సోడియం అయొడైడ్ డిటెక్టర్ ముందు రోజంతా కూర్చుంటే, పొద్దున ఒక ఛానల్‌లో కనబడ్డ పీక్ మధ్యాహ్నానికి కాస్త పక్కకు జరిగి ఉండొచ్చు. గది వేడెక్కిందా, హై వోల్టేజ్ కదిలిందా అని ఆరా తీసి, ఆ సంగతి రికార్డులో రాసే విద్యార్థి ఈ పనికి పనికొస్తాడు. ర్యాంకు తర్వాత మాట.

ఇక ఈ రంగంలోకి వచ్చే దారుల సంగతి. ఇంటర్ అవగానే నెస్ట్ రాసి భువనేశ్వర్ నైసర్‌లోగానీ, ముంబై సీఈబీఎస్‌లోగానీ ఐదేళ్ల ఎమ్మెస్సీలో చేరొచ్చు. ఐసర్‌లకు వేరే పరీక్ష ఉంది, తిరుపతిలోనే ఒక ఐసర్ ఉంది. బీఎస్సీ చేసినవాళ్లు ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీకి జెస్ట్, నెట్, టీఐఎఫ్ఆర్ పరీక్షలు. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ట్రైనింగ్ స్కూల్‌లో సీటొస్తే ఏడాది శిక్షణ పొంది నేరుగా సైంటిఫిక్ ఆఫీసర్ అవుతారు.

కేంద్రకాల మీదికి కణాలను వదిలే యాక్సిలరేటర్లు మన దేశంలో ఢిల్లీలోని ఐయూఏసీలో, కోల్‌కతా వీఈసీసీలో, ముంబై టీఐఎఫ్ఆర్‌లో ఉన్నాయి. మన తెలుగువాళ్లకు ఈ విద్య కొత్త కాదు. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, సన్యాసం పుచ్చుకుని, ప్రాగ్‌లో డాక్టరేట్ చేసి, లివర్‌పూల్‌లో భౌతిక శాస్త్రవేత్త చాడ్విక్ దగ్గర పరిశోధించిన స్వామి జ్ఞానానంద విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు.

ఇక చేదు నిజాలు. మన దేశంలో కేంద్రక చర్యలు, గామా స్పెక్ట్రోస్కోపీ మీద పని ఎక్కువ. వ్యాసార్థాన్ని నేరుగా కొలిచే ప్రయోగాలకు జర్మనీలోని మైన్జ్, సెర్న్‌లోని ఐసోల్డ్, జపాన్‌లోని రికెన్ లాంటి చోట్లకు వెళ్లాలి. పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఆ పైన పోస్ట్‌డాక్ అంటూ మరికొన్నేళ్లు పడతాయి. శాశ్వత పోస్టులు తక్కువ. ఈలోగా బీటెక్ చేసిన తోటివాళ్లు ఇల్లు కట్టేసి గృహప్రవేశానికి పిలుస్తారు, అది తట్టుకోగలరో లేదో ముందే చూసుకోండి.

అలాగని చదువు వృథా పోదు. ఎమ్మెస్సీ తర్వాత బార్క్‌లో ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే, క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేయొచ్చు. రేడియోథెరపీ నడిపే ఆసుపత్రికి ఆ ఉద్యోగి తప్పనిసరి. సెర్న్ తయారుచేసిన రూట్ సాఫ్ట్‌వేర్‌తో డేటా విశ్లేషించడం నేర్చినవాళ్లకు డేటా సైన్స్ ఉద్యోగాలూ దూరం కావు. రూట్ ఉచితం, మీ ల్యాప్‌టాప్‌లో ఇవాళే వేసుకోవచ్చు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. అణుశక్తి విభాగం ఏటా జరిపే న్యూక్లియర్ ఫిజిక్స్ సింపోజియం పేపర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. చాలావరకు రెండేసి పేజీలే. ఓ పది చదవండి. సగం అర్థం కాకపోయినా పదకొండోది తెరవాలనిపిస్తే, జామ్ నోటిఫికేషన్ కోసం చూడటం మొదలుపెట్టండి.