ఆ మాటకు పూచీ ఎవరిది?

ఉప్పల్

చిరంజీవి చిన్నబిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

హబ్సిగూడ చౌరస్తాలో మళ్లితే నాచారం. ఇంత దగ్గరికి ఉత్తరమేమిటని మీ అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. ఫోన్‌లో చెప్పిన మాట ఫోన్‌తోనే పోతుంది. అమ్మానాన్నలను కేదార్‌నాథ్ తీసుకెళ్లడానికి నువ్వు వేసిన నాలుగు రోజుల ప్లానూ, దాని కింద అతికించిన బోలెడన్ని లింకులూ చదివాను. ఎక్కడ ఏం తినాలి, ఏ హోటల్లో వేడినీళ్లు వస్తాయి, గుర్రం బేరం ఎంతకు తెగుతుంది అనేదాకా అన్నీ ఉన్నాయి. సమాచారానికి కొదవేం లేదు. కానీ వాటిలో చాలావరకు తప్పయితే వెళ్లి అడగడానికి మనిషి లేని మాటలు. ఈ ఉత్తరం సారాంశమంతా అదే: ప్రయాణం గురించి ఆన్‌లైన్‌లో దొరికే ప్రతి మాటనూ ముందు రెండు ప్రశ్నలతో తూకం వెయ్యి. దీనికి పూచీ ఎవరిది? ఇది ఎప్పటి మాట? ఎంత బాగా చెప్పారన్నది తర్వాత చూసుకోవచ్చు.

మన పక్కనున్న చర్లపల్లి సంగతే తీసుకో. 2025 జనవరి 6న అక్కడ కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరిగి కడుతుండటంతో అక్కడి రైళ్లు కొన్ని ఇటు మారాయి. ఉప్పల్, నాచారం వాళ్లకు మంచి కబురే. అయితే అంతకుముందు రాసిన ప్రయాణ వ్యాసాలు, తీసిన వీడియోలు ఆ రైళ్లను సికింద్రాబాద్‌లోనే ఎక్కమని ఇప్పటికీ చెబుతున్నాయి. రాసినవాళ్లు అబద్ధమాడలేదు, రాసిన రోజున అది నిజమే. మారినప్పుడు దిద్దే బాధ్యత మాత్రం వాళ్ల మీద లేదు. రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌కు, 139 నంబరుకు ఆ బాధ్యత ఉంది. ప్రయాణం ముందురోజు రాత్రి రైలు నంబరు కొట్టి, ఏ స్టేషనో చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. పెట్టెలతో సికింద్రాబాద్‌లో దిగి, బండి చర్లపల్లిలో ఉందని తెలిస్తే ఆ పూట ట్రాఫిక్‌లో ఏ క్యాబూ అందించలేదు.

రైలు తప్పితే డబ్బూ, ఒక రోజూ పోతాయి. హెలికాప్టర్ టికెట్ దగ్గర మోసమే ఉంది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ బుకింగ్ పేరుతో నకిలీ సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు, వాట్సాప్ ఖాతాలు నడుస్తున్నాయని కేంద్ర హోంశాఖలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో యాత్రికులను హెచ్చరించింది. ఈ టికెట్లు అధికారికంగా అమ్మేది ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైటు ఒక్కటే. నువ్వు పంపిన లింకుల్లో ఒకదాని పేరులోనూ 'హెలీయాత్ర' ఉంది, కానీ అది ఆ సైటు కాదు. సైటు చిరునామాను కుడినుంచి ఎడమకు చదవడం అలవాటు చేసుకో. చివర 'డాట్ కో డాట్ ఇన్' ఉంటే దానికి సరిగ్గా ముందున్న మాట ఏమిటో చూడు. అక్కడ 'ఐఆర్‌సీటీసీ' ఉంటేనే వాళ్లది. ఆ మాట చిరునామాలో ఇంకెక్కడో ముందు తగిలించి ఉంటే దానికి విలువ లేదు. ప్రభుత్వ సైట్లకు చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' ఉంటుంది. తిరుమల దర్శనం టికెట్లకూ ఇదే పరీక్ష, టీటీడీ సైటు 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'తో ముగుస్తుంది. వెతగ్గానే అన్నిటికంటే పైన వచ్చింది మంచిదనుకోకు. దాని పక్కన చిన్న అక్షరాలతో 'స్పాన్సర్డ్' అని ఉంటే ఆ చోటు డబ్బిచ్చి కొన్నది. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యి. మొదటి గంటల్లో చేస్తేనే ఆ డబ్బును దారిలో ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఇక అసలు విషయం, ఆరోగ్యం. కేదార్‌నాథ్ గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊరు 540 మీటర్ల దగ్గర. అక్కడ గాలి ఎంత పల్చనంటే, ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. నీ ప్లాను ప్రకారం రెండో రోజు రాత్రి గుప్తకాశీలో పడుకుంటారు. అది 1,300 మీటర్ల పైచిలుకు. మూడో రోజు పొద్దున హెలికాప్టర్ ఎక్కి నిమిషాల్లో రెండు వేల మీటర్లకు పైగా లేచి, ఆ రాత్రి కొండమీదే ఉంటారు. ప్రయాణికుల ఆరోగ్యం గురించి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నడిపే పేజీల్లో ఎత్తైన ప్రాంతాల అధ్యాయం తెరిచి చూడు. పల్లపు ప్రాంతం నుంచి ఒక్కరోజులో 2,750 మీటర్ల పైకి వెళ్లి రాత్రి పడుకోవద్దనీ, ఆ పైన పడక ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచవద్దనీ అందులో ఉంది. ఉత్తరాఖండ్ ప్రభుత్వం చార్‌ధామ్ యాత్రికులకిచ్చే సూచనల్లో, యాత్రకు కనీసం ఏడు రోజులు పెట్టుకోమనీ, బయల్దేరేముందు రోజూ 20, 30 నిమిషాలు నడిచి, ఐదు పది నిమిషాలు శ్వాస అభ్యాసం చేయమనీ, 55 ఏళ్లు దాటినవాళ్లూ, గుండెజబ్బు, ఆస్తమా, బీపీ, షుగర్ ఉన్నవాళ్లూ ముందుగా పరీక్ష చేయించుకోమనీ ఉంది. మీ నాన్నకు షుగర్, అమ్మకు బీపీ, ఇద్దరికీ 55 దాటింది. ఆ వాక్యం వాళ్ల కోసమే రాసినట్టుంది. నీ లింకుల్లో ఒక్కటి కూడా ఆ మాట అనలేదు, ఎందుకంటే వాటిలో ఎక్కువ భాగం టూర్ అమ్మేవాళ్లవి.

చూడాల్సిన చిన్న సంగతులూ ఉన్నాయి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. కొండమీద రాత్రి దాన్ని సంచిలో వదలకుండా లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచాలి. షుగర్ చూసే మీటరు చలికి తప్పు చూపవచ్చు, కాసేపు చేతిలో వెచ్చబెట్టాకే వాడాలి. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడినా, మాట పొంతన తప్పినా వెంటనే కిందికి దిగడమే అసలు మందు. 'ఎసిటజోలమైడ్ అనే మాత్ర వేసుకుంటే సరి' అని ఒక రీలులో చెప్పారన్నావు. ఆ మాత్ర నిజంగానే వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్ల విషయంలో, ఇప్పటికే బీపీకి మందులు వాడుతున్నవాళ్ల విషయంలో ఆలోచించి ఇవ్వాల్సిన మందు అది. మెడికల్ షాపులో అడిగి కొనేది కాదు. ఆన్‌లైన్ సమాచారంతో నీకు రావాల్సిన మేలు ఇక్కడే ఉంది. ఏం మింగాలో అది చెప్పకూడదు, డాక్టర్ని ఏం అడగాలో చెప్పాలి. మీ నాన్నను ఏళ్లుగా చూస్తున్న డాక్టరు నాచారం ఇఎస్ఐ ఆస్పత్రిలోనే ఉన్నారు కదా. సీడీసీ, ఉత్తరాఖండ్ పేజీలు రెండూ చదివి నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లు: ఈసీజీ తీయించాలా, నడక ఎక్కువున్న రోజున ఇన్సులిన్ డోసు తగ్గించాలా, అమ్మ బీపీ మాత్రతో ఎసిటజోలమైడ్ పడుతుందా, రాత్రి పైన ఉండవచ్చా. నన్నడిగితే దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోవడం మేలు. ఆఖరి మాట డాక్టరుదే.

'మన పెద్దవాళ్లు ఏ సైటు చూసి యాత్ర చేశారు' అని మీ నాన్న అంటాడు. మంచి ప్రశ్నే. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని అన్నది ఆ పెద్దవాళ్లే, అపాయం వాళ్లకు తెలియనిది కాదు. పైగా బదరీ కేదారాలకు పూర్వం రుషీకేశ్ నుంచి రోజుల తరబడి నడిచేవారు. వాళ్లకు తెలియకుండానే ఆ నెమ్మదే ఒంటికి ఎత్తును అలవాటు చేసింది. మనం విమానం, కారు, హెలికాప్టర్ పెట్టుకుని ఆ నెమ్మదిని కొట్టేశాం, కాబట్టి దాని బదులు ముందస్తు జాగ్రత్త పెట్టక తప్పదు. ఇంకో మాట, పెద్దవాళ్లు సమాచారం లేకుండా పోలేదు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, మన హైదరాబాద్ మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, దారి ఎలా ఉంది అన్నది తేదీతో, తన పేరుతో రాశాడు. నీ లింకుల్లో సగానికి ఆ రెండూ లేవు.

వెళ్లొచ్చినవాళ్ల వీడియోలను కొట్టిపారేయమని నేననడం లేదు. మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి, క్యూ ఎక్కడిదాకా వచ్చింది అన్నది ఏ ప్రభుత్వ సైటూ చెప్పదు, వాళ్లే చెప్పాలి. కానీ ఒక్క విషయం గమనించు. కొండమీద ఊపిరాడక స్ట్రెచర్ మీద దిగినవాడు రీలు చేయడు. బాగున్నవాళ్లే తీస్తారు, బాగున్నరోజే తీస్తారు. అలాంటివి ఎన్ని చూసినా 'ఏమీ కాదు' అనే అనిపిస్తుంది. సౌకర్యం గురించి వాళ్లను నమ్ము, ప్రాణం గురించి మాత్రం నమ్మకు.

అమెరికావాళ్ల సలహా మనకు వర్తిస్తుందా అని నీకూ అనుమానం రావాలి. ఎత్తు విషయంలో ఏ దేశపు ఊపిరితిత్తులైనా ఒకటే. తిండి, నీళ్లు, టీకాల విషయంలో మాత్రం వాళ్ల పేజీలు అక్కడినుంచి ఇక్కడికొచ్చేవాళ్ల కోసం రాసినవి, మనకు యథాతథంగా పనికిరావు. ఒక్కోసారి మెలిక మన దేశం వైపే ఉంటుంది. కంపెనీ పనిమీద కెన్యా వెళ్తున్న మీ అన్నకు చెప్పు: పసుపు జ్వరం టీకా సర్టిఫికెట్‌ను తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా వేసిన పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఆ తర్వాత జీవితకాలం చెల్లుతుంది. గుర్తింపు ఉన్న కేంద్రంలో వేయించుకుంటేనే లెక్క, మనకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. దుబాయిలో విమానం మారేటట్టయితే మీ అమ్మ కట్టిచ్చే మసాలాపొడిలో గసగసాలు లేకుండా చూసుకోమను. అక్కడ అవి నిషేధం.

రోడ్డు సంగతికొస్తే, 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర కాలి ఇరవై మంది దాకా పోయారు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, బీమా ఉందా లేదా కనిపిస్తుంది. ఢిల్లీలో మాట్లాడుకునే కారుకూ అలాగే చూడు. ఫిట్‌నెస్ కాగితం ఉన్నంత మాత్రాన మంటలు రావని కాదు, ఆ కాగితం కూడా లేనివాడి బండి ఎక్కకుండా ఉండటానికి. ఎక్కాక అత్యవసర ద్వారం, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో కంటితో చూసుకోవాలి, దానికి ఏ యాప్ లేదు. మ్యాపును గుడ్డిగా నమ్మినా ప్రమాదమే. 2024 మేలో మన హైదరాబాద్ పర్యాటకులు నలుగురు కేరళలో కొట్టాయం జిల్లాలో రాత్రిపూట మ్యాపు చెప్పినట్టే పోయి, కారుతో సహా నిండిన వాగులో దిగారు. అదృష్టవశాత్తు అందరూ బయటపడ్డారు. దారి ఎక్కడుందో మ్యాపుకు తెలుసు, దారిమీద నీళ్లున్నాయని తెలియదు. అది వాతావరణ శాఖ చెప్పాలి. హెచ్చరికలు జిల్లాలవారీగా వస్తాయి కనుక 'కేదార్‌నాథ్' అని కాకుండా 'రుద్రప్రయాగ' జిల్లా చూడు. ఆరెంజ్, రెడ్ రంగులుంటే ఆ రోజు కదలొద్దు. విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్' యాప్ పెట్టుకుంటే ఉన్నచోటికే హెచ్చరిక వస్తుంది. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి ఏడుగురు చనిపోయారు. వాతావరణం బాగాలేదని పైలట్ ఆగితే అతనితో వాదించే యాత్రికులు మీరు కాకూడదు.

నీ చివరి అభ్యంతరం నాకు ముందే తెలుసు: ప్రభుత్వ సైట్లు తెరుచుకోవు, తెరుచుకున్నా నిరుటి తేదీలుంటాయి, ఏఐ అయితే అడగ్గానే తెలుగులో చెబుతుంది. మొదటి రెండూ నిజమే. ప్రభుత్వ సైటు కాబట్టి తప్పుండదని నేను చెప్పను. తప్పయితే దానికో ఆఫీసు ఉంది, ఫోను నంబరు ఉంది, నిలదీసే హక్కు నీకుంది. పేజీ అడుగున తేదీ పాతదైతే ఆ నంబరుకు ఫోన్ చెయ్యి. ఏఐని హిందీ పేజీ అర్థం చేసుకోవడానికి, డాక్టరు ప్రశ్నలు సరిచూసుకోవడానికి నిక్షేపంగా వాడుకో. కానీ అది చెప్పిన టికెట్ సైటునూ, మందు మోతాదునూ, గుడి తెరిచే తేదీనీ మూలంలో చూడకుండా నమ్మకు. ఎప్పటి మాటో, ఎవరి మాటో తెలియకుండానే అది అంతే ధీమాగా చెప్పగలదు.

కాబట్టి నాలుగు రోజుల ప్లాను పక్కన పెట్టు. ఆఫీసులో ఏడెనిమిది రోజులకు సెలవు అడుగు. ఉత్తరాఖండ్ వారి సైటులో ముగ్గురి పేర్లూ రిజిస్టర్ చెయ్యి. అయితే హెలికాప్టర్ టికెట్ కొనకముందే మీ నాన్నను ఇఎస్ఐకి తీసుకెళ్లు. వద్దంటాడు. నా మాటగా చెప్పు, అప్పటికీ వినకపోతే ఫోన్ నాకియ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న