‘కై’ ఒకటే, ఫైళ్లు రెండు

మన శాఖ కంప్యూటర్‌లో పల్లెపాటల రికార్డింగులున్నాయి, తాటాకుల ఫొటోలున్నాయి, సీనియర్ల ప్రాజెక్టు వ్యాసాలున్నాయి. అవి ఇంకెక్కడా లేవు. పాడిన అవ్వల్లో కొందరు ఇప్పుడు లేరు. అందుకే బ్యాకప్ అంటే కంప్యూటర్ సైన్సు వాళ్ల గొడవ అని మనం వదిలేయడానికి లేదు. బోర్గ్, రెస్టిక్, ఆర్‌సింక్ వంటివి ఉచితంగా దొరికే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్లు. వాటిలో ఏ కొత్త సౌకర్యం కావాలో వాడేవాళ్లే అడగవచ్చు. మరి తెలుగు చదివేవాళ్లం ఏం అడగాలి?

నకలు తీసి దాచుకోవడం మనకు కొత్త కాదు. 1800లో నిజాము ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్తమండలంలో మన బళ్లారి కూడా ఉంది. కాలిన్ మెకంజీ తన సహాయకుల చేత ఊరూరి కైఫియత్తులు సేకరింపజేశాడు. 1821లో ఆయన చనిపోయాక ఆ కాగితాలు పాడవుతుంటే, సి.పి. బ్రౌన్ మనుషుల్ని పెట్టి వాటికి నకళ్లు రాయించాడు. ఈనాడు పరిశోధకులు చూసే స్థానిక చరిత్రల్లో ఆ నకళ్లూ ఉన్నాయి.

ఇప్పుడు ‘కైఫియత్తు’ అనే పేరుతోనే ఒక ఫైలు పెట్టామనుకోండి. యూనికోడ్‌లో ‘కై’కి రెండు రాతలు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు. లేదా ఎత్వం ఒకటి, కింద వచ్చే గుర్తు ఒకటి అని రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. మామూలుగా మన కీబోర్డు మొదటి పద్ధతిలో రాస్తుంది. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు మాత్రం పేరును విడగొట్టి దాచుకుంటుంది. అక్కడినుంచి లినక్సుకు నకలు తీస్తే, లినక్సు దృష్టిలో అవి వేర్వేరు పేర్లు. ఒకే ఫైలు రెండుసార్లు చేరుతుంది, లేకపోతే మనం వెతికినప్పుడు లేదంటుంది. తెలుగులో ఈ చిక్కు ఒక్క ఐత్వానికే. కన్నడలో గుడిదీర్ఘం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఇలా ఐదింటికి! మన జిల్లాలో రెండు భాషల పేర్లూ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి కదా.

ఆర్‌సింక్‌లో దీనికి ‘ఐకాన్వ్’ అనే ఆప్షను ఉంది. అయితే అది మనకు తెలిసి, మనమే రాస్తేనే పనిచేస్తుంది. నేనడిగేది ఇది: రెండు రాతలూ ఒకే పేరని సాఫ్ట్‌వేరే గుర్తుపట్టి మనకు చెప్పాలి. తనంతట తాను మాత్రం దిద్దకూడదు. పాఠపరిష్కరణ క్లాసులో చదివాం కదా, పాఠాంతరాల్లో ఏది సరైనదో తేల్చేది పరిష్కర్త, లేఖకుడు కాదు. లేఖకుడు తెలివి చూపిన చోటే మనకు తలనొప్పి.

పేరు పొడుగుదీ ఒక గొడవే. లినక్సులో మామూలుగా ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. ‘కైఫియత్తు’ ఒక్కటే 27 తినేస్తుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేరు పేరు చివర తేదీ, గంట కూడా తగిలించేదైతే మన పొడుగు పేర్లు హద్దు దాటుతాయి.

ఫైలు క్షేమంగా ఉన్నా చదవలేని పరిస్థితి కూడా ఉంది. యూనికోడ్ కాని డీటీపీ ఫాంటులో కొట్టిన వ్యాసం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. బోర్గ్‌లోనూ రెస్టిక్‌లోనూ ‘చెక్’ అనే ఆజ్ఞ ఉంది. అది దాచిన డేటా చెడిందో లేదో చూస్తుంది. మనం చదవగలమో లేదో దానికెలా తెలుస్తుంది? అందుకని ఏ ఫైలుకు ఏ ఫాంటు కావాలో జాబితా రాసిపెట్టే సౌకర్యం కావాలి. నెలకోసారి ఏదో ఒక ఫైలును తనే ఎంచి, వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి, ‘తెరిచి చూడండి’ అని గుర్తుచేయాలి. వీటన్నిటిలో ఒక్కటే అడగమంటే నేను ఈ చివరిదే అడుగుతాను. ఎవరూ తెరిచి చూడని నకలుంటే ఎంత, లేకుంటే ఎంత?

అడిగే తీరు కూడా ముఖ్యమే. ‘తెలుగు సరిగా రావట్లేదు’ అని రాస్తే తయారుచేసేవాళ్లకు ఏం అర్థమవుతుంది? ‘కై’ని రెండు పద్ధతుల్లో రాసి రెండు ఖాళీ ఫైళ్లు చేయాలి. ఏ ఆజ్ఞ ఇచ్చాం, ఏం జరిగింది, ఏం జరగాల్సింది అని మూడు వాక్యాలు జత చేస్తే చాలు. అవ్వల పాటలు ఎవరికీ పంపనక్కర్లేదు.