పడకను మోసిన నలుగురు

మూలభాగము: మార్కు 2:1–12
కలిపి చదువవలసినవి: లూకా 10:25–37, మత్తయి 6:1–4, 10:42



కదలలేని మనిషిని నలుగురు మోసికొనివచ్చి, ఇంటికప్పు విప్పి ప్రభువు ముందు దింపిన సంగతి మనకందరికి తెలుసు. ప్రభువు వారి విశ్వాసమును చూచాడు. అయితే ఆ నలుగురి పేర్లు మార్కు వ్రాయలేదు. ఈ పాఠములో మోసినవారిని గూర్చి ధ్యానించుదము.

1. యుద్ధములో స్వచ్ఛంద సేవ

గాయపడిన సైనికుని ప్రభుత్వమే చూచుకొంటుందని అనుకొంటాము. కాని అమెరికా అంతర్యుద్ధము (1861–65) మొదలైన రెండు నెలలకే సైన్యపు వైద్యము చాలలేదు. 1861 జూన్‌లో శానిటరీ కమిషన్ అను స్వచ్ఛంద సంస్థ ఏర్పడినది. ఊరూర స్త్రీలు కట్టుగుడ్డలు, దుప్పట్లు, ఆహారము కూర్చి పంపారు. అట్టి సేవలో మనవారికిని పాలున్నది. ఆ కథ మన మద్రాసు రేవునుండే మొదలవుతుంది.

2. నేటాల్‌లో మనవారు

1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరినది. చెరకు తోటలకు ఒప్పందముపై వెళ్ళిన మొదటి కూలీలు అందులో ఉన్నారు. 1911 వరకు అట్లు వెళ్ళినవారు సుమారు లక్షన్నర మంది. వారిలో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కిన తమిళులు, తెలుగువారు. 1903లో నెల్లూరు నుండి రెవ. జాన్ రంగయ్యగారు మిషనరీగా వెళ్ళినది వీరి మధ్యకే.

1899 అక్టోబరులో బ్రిటిష్‌వారికి, బోయర్లకు యుద్ధము వచ్చినది. గాంధీగారు అక్కడ న్యాయవాది. ఆయన సానుభూతి బోయర్లపైనే ఉన్నది. అయినను, హక్కు కోరువారు బాధ్యతయు వహించవలెనని భారతీయుల అంబులెన్సు దళమును కూర్చారు. మిషను వైద్యుడు డాక్టర్ బూత్ శిక్షణ ఇచ్చారు. దళములో 1,100 మంది ఉన్నారు. సుమారు 300 మంది స్వతంత్రులు, తక్కినవారు ఒప్పంద కూలీలు. క్రైస్తవులు కూడ అనేకులు.

డిసెంబరు 15న కొలెన్సో యుద్ధము జరిగినది. తరువాత 1900 జనవరిలో స్పియన్ కోప్. గుండ్లు పడుచోటికి వెళ్ళనక్కరలేదని ముందు మాట ఉన్నను, జనరల్ బుల్లర్ కోరగా అక్కడికిని వెళ్ళారు. గాయపడినవారిని స్ట్రెచర్లపై రోజుకు 20, 25 మైళ్ళు మోసిన దినములున్నవి. ఒకనాడు మండుటెండలో ఒక చిన్న వాగు దొరికినది. మీరు ముందు త్రాగండి అని తెల్ల సైనికులు, కాదు మీరే అని మనవారు ఒకరినొకరు బ్రతిమాలుకొన్నారని గాంధీగారు ఆత్మకథలో వ్రాసారు.

3. పేరు ఎవరిది, బరువు ఎవరిది?

యుద్ధము తరువాత నాయకులకు పతకములు వచ్చినవి. మోసిన కూలీల పేర్లు నేడు మనలో ఎవరు చెప్పుకొంటున్నారు? హక్కులును రాలేదు. ఒప్పందము ముగిసిన కూలీపై 1895లో వేసిన 3 పౌన్ల పన్ను 1914 వరకు తీయబడలేదు. సేవను బేరమనుకొన్నవానికి ఇది నష్టమే.

తోట యజమాని అనుమతితో వచ్చిన కూలీది స్వచ్ఛంద సేవ ఎట్లగునని ఒకరు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. మేలు చేసిన పేరు ఒకరికి, మోసిన బరువు ఇంకొకరికి పోవుట సంఘములలోను ఉన్నది. కాని ఆ కూలీ మోసిన మనిషి ప్రాణము మాత్రము నిజమే. పతకము ఇచ్చువాడు చూడనిది రహస్యమందు చూచు తండ్రి చూచాడు.

4. మన సంగతి

మనలో అనేకులము పనికొరకు చెన్నై వచ్చినవారము. అద్దెగదిలో జ్వరముతో ఒంటరిగా పడియున్నవానికిని నలుగురు కావలెను. ఆసుపత్రిలో తమిళము మాట్లాడుటకు ఒకరు, రాత్రి ప్రక్కన ఉండుటకు ఒకరు, గంజి కాచి తెచ్చుటకు ఒకరు, ఊరిలోని ఇంటివారికి కబురు చెప్పుటకు ఒకరు. కానుక ఇచ్చి, మోయు పనిని ఎప్పుడును యౌవనస్థులకో, ఆ ఒక్క సహోదరికో విడిచిపెట్టరాదు. పెద్దలమైన మేమును భుజము పట్టవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పడకను మోసిన నలుగురికి ఏమి ప్రతిఫలము దొరికినది?
2. మన సంఘములో పేరు లేకుండ మోయుచున్నవారు ఎవరు? వారికి ఎవరు తోడు?
3. ఈ వారము మీరు ఏ పడక అంచు పట్టుదురు?

ప్రభువు మన భుజములకు బలమిచ్చును గాక. ఆమేన్.