వరదనీట నానిన కొయ్య పనిముట్లను ఆరబెట్టు విధము

గోదావరి యొడ్డు గ్రామములకు వరద క్రొత్త కాదు. 1986వ సంవత్సరము ఆగష్టు మాసమున భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగుల వరకు పెరిగెను. వరద తీసిన పిమ్మట, పొలము పదునునకు వచ్చులోగా నాగలి, గొర్రు, బండి సిద్ధము కావలెనని రైతు తొందరపడుట సహజమే. అయితే వరదనీటికి చెడని కొయ్య పెక్కుమారులు ఆ తొందరవలన చెడుచుండును.

నానిన కొయ్యను ఎండలో గాని మంట చెంత గాని ఉంచరాదు. పైభాగము త్వరగా ఆరి ముడుచుకొనును. లోపలిభాగము తడితో ఉబ్బియే యుండును. అందువలన బీటలు వారును. కొనలనుండి తేమ వేగముగా పోవును గనుక బీటలు అచ్చటనే మొదలగును. కావున బురదను మంచినీటితో కడిగి, కర్రును మేకులను ఊడదీసి, కొనలకు మైనము పూసి, గాలి యాడు పాకలో నేల తగులకుండ దుంగలపై పరచవలెను. గోనెలు కప్పి మూలను పడవేసినచో బూజు పట్టి పుచ్చును.

బండిచక్రము విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. నానినప్పుడు ఆకులు ఉబ్బి, ఇనుప పట్టా బిగువుగా కనబడును. అది నిజమైన బిగువు కాదు. ఆరినకొలది కొయ్య అడ్డముగా తరుగును. ఆకులు కదలును, పట్టా జారును. తడిగానున్నపుడే చీలలు దిగగొట్టినచో కొయ్యపోగులు నలిగి, ఆరిన పిదప మరింత వదులగును. కాడిని గాని నాగటిదుంపను గాని వారమునకొకసారి త్రాసున తూచి, వరుసగా 2 మారులు తూనిక తగ్గకున్నచో ఆ కొయ్య ఆరినదని తెలియవలెను. చక్రపు దుంగ మందము గనుక దానికి ఇంకను గడువీయవలెను. కమ్మరిచే పట్టా బిగింపించుటయు, అవిసెనూనె పూయుటయు అటుపిమ్మటనే.

గొర్రు గొట్టములలో ఒండ్రు గడ్డకట్టును. ఇనుపచువ్వతో పొడిచినచో వెదురు చీలును. నీరు పోసి కరగించి తీయవలెను. ఒక్క గొట్టము మూసికొనినను ఆ సాలున విత్తు పడదు, మొలక వచ్చు దినమువరకు ఆ సంగతి తెలియదు. కావున ముందుగా గుడ్డ పరచి, జడ్డిగమున పిడికెడు జొన్నలు పోసి, అన్ని గొట్టములనుండియు సమముగా రాలుచున్నవేమో చూడవలెను.

అదను మించునట్లున్నచో పొరుగువారి గొర్రును బదులు తెచ్చుకొనుట మేలు. తడి గొర్రునే వాడక తప్పనిచో చీలలు కొట్టక త్రాటితో బిగించి, సాయంకాలము త్రాడు విప్పి నీడను ఆరనీయవలెను.