పోటీ పరీక్షల ప్రత్యేకం: నల్లమలను తొలిచిన బొగడ సొరంగం

ఎమ్మిగనూరు నుంచి బస్సులో ఆదోని చేరి, గుంతకల్లులో బండి మారి విజయవాడ వైపు వెళ్తే నంద్యాల దాటాక నల్లమల మొదలవుతుంది. పెట్టెలో లైట్లు వెలుగుతాయి, చక్రాల మోత రెట్టింపవుతుంది. అదే బొగడ సొరంగం.

గుర్తుంచుకోవాల్సినవి

- తొలి సొరంగం 1880ల్లో వేసిన మీటర్ గేజ్ మార్గంలోది. ఆ మార్గాన్ని సదరన్ మరాఠా రైల్వే నడిపింది.
- ఆదోని మార్గం అంతకు ముందే వచ్చింది. 1871లో రాయచూరు వద్ద మద్రాసు, బొంబాయి లైన్లు కలిశాయి. అది బ్రాడ్ గేజ్.
- బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ., మీటర్ గేజ్‌ది 1,000 మి.మీ. అందుకే ఆదోని పత్తి బేళ్లు నల్లమల దాటాలంటే గుంతకల్లులో దించి, వేరే వ్యాగన్లకు ఎక్కించక తప్పేది కాదు.
- 1990ల్లో గేజ్ మార్పిడితో కొత్త సొరంగం వచ్చింది. పాత మార్గంలోని దొరబావి వంతెన వాడకం ఆగిపోయింది.

పొరపడే చోటు

2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల వేరే జిల్లా. ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. 58 సొరంగాలున్నది ఈ మార్గంలో కాదు, కొత్తవలస–కిరండూల్ మార్గంలో. అది తూర్పు కనుమల్లో అరకు మీదుగా వెళ్తుంది.

మాదిరి ప్రశ్న

బొగడ సొరంగం ఏ కొండల్లో ఉంది?
ఎ) ఎర్రమల బి) నల్లమల సి) శేషాచలం డి) వెలికొండ
జవాబు: బి