బెదరు పిల్లికి క్రొత్త యిల్లు

మన బెంగళూరులో 1991లో స్థాపింపబడిన 'క్యూపా' వంటి జంతు సంరక్షణ సంస్థలనుండి దిక్కులేని పిల్లులను దెచ్చి పెంచుకొనవచ్చును. అట్లు వచ్చిన పిల్లి తొలినాళ్లలో మంచము క్రింద దాగి, పిలిచినను రాకుండుట సహజము. ఇది పొగరు గాదు, భయము. పిల్లి మనుష్యులకంటె ముందుగా చోటును నమ్ముకొనును. చోటు మారిన, తెలిసిన వాసనలన్నియు మారిపోవును.

కావున మొదట ఇల్లంతయు విడువక, ఒక చిన్న గదిని మాత్రమే ఇయ్యవలెను. ఆహారము, నీరు ఒక మూలను, ఇసుక తొట్టి వేరొక మూలను ఉంచవలెను. దాగుటకు అట్టపెట్టె యొకటి చాలును. 2014లో నెదర్లాండ్సునందు ప్రకటింపబడిన పరిశీలనలో, శరణాలయమునకు వచ్చిన 19 పిల్లులలో పెట్టెలు లభించినవి తక్కినవానికంటె శీఘ్రముగా కుదుటపడినవి.

పిల్లలకు ముఖ్యముగా మనము బోధింపవలసినది యొకటి కలదు. దాగిన పిల్లిని బయటకు లాగుట పిల్లలకు చెలగాటము, పిల్లికి ప్రాణసంకటము. ఆ గదిలో నేలపై కూర్చుండి మెల్లగా పాఠము చదువుకొనిన చాలును. తదేకముగా చూడక, కన్నులు మెల్లగా మూసి తెరచిన, పిల్లి దానిని స్నేహముగా గ్రహించును. దగ్గరకు వచ్చుట దాని వంతు.

కొన్నింటికి దినములు, కొన్నింటికి నెలలు పట్టును. అయితే ఒక దినమంతయు ఆహారము ముట్టనిచో పశువైద్యునికి చూపవలెను. ఉపవాసము పిల్లి కాలేయమునకు హానికరము. దీపావళినాడు కిటికీలు మూసి యుంచవలెను.

క్రొత్త బడిలో నోరు మెదపని పసివానిని మనము తొందరపెట్టము గదా! ఈ మూగజీవికిని ఆ యోర్పే చూపినచో, భయపడినవారితో మెలగు విధమును మన పిల్లలు ఇంటనే నేర్చుకొందురు.