కాంతి పట్టకారు – రక్తకణ పరీక్ష

కాంతికి బరువు లేదు. అయినను తాను సోకిన వస్తువును కదల్చు బలము దానికి కలదు. 1986లో అమెరికాలో ఆర్థర్ ఆష్కిన్ సహచరులతో కలిసి లేసర్ కిరణమును ఒక్కచోట కేంద్రీకరించి, సూక్ష్మ గోళమును అచ్చట పట్టి నిలిపెను. ఇదియే కాంతి పట్టకారు. ఇందుకై 2018లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

ఎఱ్ఱ రక్తకణము వెడల్పు సుమారు 8 మైక్రోమీటర్లు. తనకంటె ఇరుకైన కేశనాళికలలో అది సాగి దూరవలెను. ఈ సాగుదలను కొలుచుటకు కణమునకు ఇరువైపుల సూక్ష్మమైన గాజుపూసలను అంటించి, ఒకదానిని స్థిరముగ నిలిపి, రెండవదానిని కాంతితో పట్టి లాగుదురు. ఆరోగ్యకరమైన కణము సాగి, విడువగనే మునుపటి రూపు దాల్చును. ఫాల్సిపారమ్ మలేరియా క్రిమి పెరుగుచున్న కణమో, అంతకంతకు బిగుసుకొనును. అట్టి కణములు మెదడులోని సన్నని నాళములకు అడ్డుపడినచో ప్రాణాపాయము.

విద్యార్థులారా! సూక్ష్మదర్శినిలో కణము రూపును చూచుట ఒక పరీక్ష. లాగి దాని బిగువును ఎరుగుట మరియొక పరీక్ష. రెంటికిని కాంతియే సాధనము.